రాక్షసి ఎక్కడి నుంచి వచ్చింది?

అద్భుత కల్పన వాస్తవికతకు విరోధి అనే అభిప్రాయం మన సాహిత్య విమర్శలో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నేను దాన్ని అంగీకరించను. కల్పన ఎంత అసాధ్యంగానైనా ఉండవచ్చు. అది ఏ వాస్తవంలోంచి పుట్టింది, తిరిగి ఆ వాస్తవాన్ని ఏం చేసింది అనేదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. 2013లో విడుదలైన హాలీవుడ్ చిత్రం 'పసిఫిక్ రిమ్'ను ఈ ప్రశ్నతోనే పరిశీలిస్తాను.

దర్శకుడు గియెర్మో డెల్ టోరో సామాన్యుడు కాడు. ఫ్రాంకో నాటి స్పెయిన్ ఫాసిజాన్ని ఒక బాలిక కళ్లతో చూపిన 'పాన్స్ లాబిరింత్' (2006) ఆయనదే. ఆ చిత్రంలో భూతాలకన్నా సైనికాధికారే భయంకరుడు. అందుకే ఈ చిత్రం నుంచి ఎక్కువ ఆశించాను; అందుకే నా నిరాశ కూడా ఎక్కువ.

పసిఫిక్ మహాసముద్రం అడుగున ఒక పగులు. అందులోంచి కైజులనే మహామృగాలు వచ్చి తీరనగరాలను ధ్వంసం చేస్తుంటాయి. దేశాలన్నీ కలిసి యేగర్లనే మహాకాయ యంత్రాలను నిర్మిస్తాయి. వాటి భారాన్ని ఒక్క మెదడు మోయలేదు కనుక, ఇద్దరు తమ జ్ఞాపకాలను కలుపుకొని నడపాలి. చక్కని ఊహ. టోక్యో వీధిలో ఎర్రబూటు పట్టుకొని ఏడుస్తూ నడిచే చిన్నారి మాకో దృశ్యం ఈ ఊహకు ప్రాణం పోసింది. విధ్వంసాన్ని బాధితుల పక్షాన నిలబడి చూపినది దాదాపు ఆ ఒక్క దృశ్యమే. తక్కినదంతా ఇనుమూ మాంసమూ ఢీకొనే చప్పుడు.

ఇతివృత్తంలో బీజాలు లేకపోలేదు. తీరం వెంట గోడ కట్టే కూలీలు రేషన్ కోసం ప్రాణాలొడ్డుతారు. ముగ్గురు చనిపోతే మూడు ఖాళీలు ఏర్పడ్డాయని మేస్త్రీ ప్రకటిస్తాడు. మనిషి చేసిన కాలుష్యమే భూమిని ఈ మృగాలకు అనువుగా మార్చిందని ఒక శాస్త్రజ్ఞుడు చెబుతాడు. ఇంత మాట అన్న తర్వాత కథ అక్కడ ఆగి ఆలోచించాలి. ఆగదు. కూలీలు మళ్లీ కనిపించరు, కాలుష్యం ఊసు మళ్లీ రాదు. శత్రువు మరో లోకం వాడైపోయాడు కనుక, ఈ లోకంలో ఎవరూ దోషులు కారు.

ఈ చిత్రాన్ని రే హ్యారీహౌసెన్‌, ఇషిరో హోండాల స్మృతికి అంకితం చేశారు. హోండా 1954లో తీసిన 'గాడ్జిల్లా'ను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద 'లక్కీ డ్రాగన్' అనే జపాన్ చేపలపడవ మీద కురిసింది. పడవలోని 23 మందీ రేడియోధార్మికతకు గురయ్యారు. వారిలో ఒకరు సెప్టెంబరులో మరణించారు. నవంబరులో చిత్రం విడుదలైంది. సముద్రం మీద వెలుగు మెరిసి పడవ మునిగిపోయే తొలిదృశ్యాన్ని నాటి జపాన్ ప్రేక్షకులకు ఎవరూ వివరించనక్కరలేదు. అందులో రాక్షసిని లేపింది బాంబు. దాన్ని చంపే ఆయుధం కనిపెట్టిన సెరిజావా, అది పాలకుల చేతికి చిక్కుతుందన్న భయంతో కాగితాలు తగలబెట్టి, రాక్షసితోపాటు తానూ సముద్రగర్భంలో ప్రాణం విడుస్తాడు.

'పసిఫిక్ రిమ్' ఏం చేసింది? అదే మహాసముద్రం అడుగున మొదట ఒక అణుబాంబును, ఆపైన యేగర్‌లోని అణురియాక్టర్‌ను పేల్చి లోకాన్ని కాపాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. గురువుకు అంకితమిచ్చిన చిత్రం, గురువు ముద్దాయిగా నిలబెట్టిన బాంబునే రక్షకుణ్ణి చేసింది. ఇది దర్శకుడి దురుద్దేశమని నేననను. దేశదేశాల్లో అమ్ముడుపోవలసిన సరుకు ఎవరి మీదా నేరం మోపలేదు. నేరస్థుడు లేని కథలో ఇక మిగిలేది బలప్రదర్శనే.

రాక్షసిని సృష్టించడం తేలిక. కథ రాసే మిత్రులు దాని పుట్టుకకు కారణం కూడా చెప్పాలి. ఆ కారణం మన లోకంలోనే ఉండాలి. ముగింపు దాన్ని మరిచిపోకూడదు.