జిమ్నీకి ముందు ఏం కొనాలి? బంపరా, రాక్ స్లైడర్లా?

ఆఫ్‌రోడింగ్ అనగానే చాలామంది ముందు స్టీల్ బంపర్‌కే డబ్బులు పెట్టేస్తారు. ఒక్కసారి ఈ లెక్క చూడండి. 5 డోర్ జిమ్నీ అప్రోచ్ యాంగిల్ 36 డిగ్రీలు, మధ్యలో బ్రేకోవర్ మాత్రం 24 డిగ్రీలే. అంటే బంపర్ దాటిన రాయి కూడా డోర్ల కింద తగలొచ్చు.

సో, నా ఓటు స్లైడర్లకే. కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే: అవి బాడీకి కాదు, ఛాసిస్ ఫ్రేమ్‌కి బిగించాలి. జాకీతో స్లైడర్ దగ్గర బండి లేపినా వంగకూడదు. మామూలు సైడ్ స్టెప్పులు ఈ పనికి రావు.

బరువైన బంపర్‌తో బండి ముందుభాగం దిగుతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే టైమింగ్ కూడా తేడా కొట్టొచ్చు. పైగా క్రాష్ గార్డులపై చర్యలు తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ఏది బిగించినా ముందు ఆర్టీవో రూల్స్, ఇన్సూరెన్స్ కనుక్కోండి. రాయి కంటే చలానా గట్టిగా తగులుతుంది!