హైపోనా, హైపరా? డాక్టర్ రాసిన పదాన్ని ముక్కలు చేసి చదవడం ఎలా

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

రెండేళ్ల కిందట మా తాతయ్య ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చారు. ఆయనకి షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. నేనేమో హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నా. అమ్మ డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "ఒరేయ్, ఇందులో ఏం రాశారో చూసి చెప్పరా, నాకేం అర్థం కావట్లా" అంది. నేను మీటింగ్‌లో ఉండి అలా ఒక చూపు చూశా. "గ్లైసీమియా" కనపడింది, ముందున్నది "హైపర్" అనుకున్నా. "షుగర్ ఎక్కువైందంట అమ్మా, రాత్రికి అన్నం తగ్గించు, తీపి ముట్టుకోనివ్వకు" అని చెప్పేశా.

తెల్లారుజామున తాతయ్యకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పక్కింటి అత్త ఆశా వర్కర్. ఆమె పరుగున వచ్చి మిషన్‌తో షుగర్ చూసి, ఆయన మెలకువగానే ఉన్నారు కాబట్టి వెంటనే చక్కెర నీళ్ళు తాగించింది. కాసేపటికి తేరుకున్నారు. (స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఇది గుర్తుపెట్టుకోండి.)

ఆ కాగితంలో ఉన్నది "హైపోగ్లైసీమియా". అంటే షుగర్ పడిపోవడం. నేను చెప్పింది దానికి పూర్తిగా రివర్స్. బీటెక్ చదివా, కోడ్‌లో ఒక్క సెమీకోలన్ తప్పితే పట్టుకుంటా, తాతయ్య కాగితంలో ఒక్క ముక్క తేడా పట్టుకోలేకపోయా. ఆ రోజు నుంచి ఈ పదాలు ఎలా తయారవుతాయో చదవడం మొదలుపెట్టా. అనుకున్నంత కష్టమేం కాదు. పైగా అందులో సగం మనకి ఆల్రెడీ తెలుసు.

ముందు బేసిక్స్. మీ ఫోన్‌లో ఒక ఫైల్ ఉంది. పేరు చివర జేపీజీ ఉంటే ఫోటో, ఎంపీ4 ఉంటే వీడియో. ఓపెన్ చేయకుండానే తెలిసిపోతుంది కదా? మెడికల్ పదాలకి కూడా ఇలాంటి తోక ఉంటుంది. ఆ తోక "ఏం జరిగింది" అనేది చెబుతుంది. మధ్యలో ఉండేది "ఎక్కడ, దేనికి" అనేది. ముందున్నది "ఎంత, ఎటువైపు" అనేది. అందుకే ఈ పదాల్ని చివర నుంచి చదవడం అలవాటు చేసుకోండి.

హైపోగ్లైసీమియా తీసుకుందాం. చివర "ఈమియా" అంటే రక్తంలో ఉన్న పరిస్థితి. మధ్యలో "గ్లైక్" అంటే తీపి. ముందు "హైపో" అంటే కింద, తక్కువ. కలిపితే రక్తంలో తీపి తక్కువ. అంతే.

ఇప్పుడు అసలు మజా వస్తుంది. ఈ ముక్కల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చాయి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి ఒక ఉపన్యాసంలో, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి అని చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదు, మనది ద్రావిడ భాష. కానీ సంస్కృతం మాటలు మన నోట్లో బోలెడు. అంటే ఆ గ్రీకు ముక్కల చుట్టాలు మన ఇంట్లోనే ఉన్నారన్నమాట. స్క్రీన్ మీద చూడండి:

హైపర్: మన "ఉపరి". ఉపరితలం అంటాం కదా, పైన అని.
హైపో: మన "ఉప". ఉప సర్పంచ్ అంటే సర్పంచ్ కింద ఉండే మనిషి.
అన్: మన "అన్". ఆరోగ్యం లేకపోతే అనారోగ్యం, రక్తం తగినంత లేకపోతే అనీమియా.
డిస్: మన "దుస్, దుర్". చెడు వాసన దుర్గంధం, ఊపిరి కష్టమైతే డిస్ప్నియా.
పెరి: మన "పరి". చుట్టూ ఉన్నవి పరిసరాలు, గుండె చుట్టూ ఉన్న పొర పెరికార్డియం.
ఆస్టియో: మన "అస్థి". అస్థిపంజరంలో ఉన్న అస్థి.
డెంట్: మన "దంతం".

ఇవి ఏదో కుదిరిన పోలికలు కావు, నిజంగానే ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. నేను ఆ రాత్రి హైపో అంటే ఉప సర్పంచ్ అని గుర్తుపెట్టుకుని ఉంటే, తాతయ్యకి అంత ఇబ్బంది వచ్చేది కాదు.

సరే, ఇప్పుడు తోకల సంగతి. ఇక్కడ మన గుంటూరు, ప్రకాశం వైపు కనపడే పదాలే తీసుకుందాం.

మొదటిది "ఐటిస్". అంటే మంట, వాపు. మిర్చి యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో వెళ్తే ఆడవాళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాయల తొడిమలు తీస్తూ ఉంటారు. చేతుల మంట గురించి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మంట మిరపలో ఉండే క్యాప్సైసిన్ వల్ల. చర్మం ఎర్రబడి వాచిపోతే కాగితం మీద డెర్మటైటిస్ అని రాస్తారు. డెర్మా అంటే చర్మం. అదే ముక్కులో అయితే రైనైటిస్, కీళ్ళలో అయితే ఆర్థ్రైటిస్. తోక ఒక్కటే, మధ్య ముక్క మారుతుందంతే.

రెండోది "ఓసిస్". అంటే ఒక స్థితి, ఎక్కువగా జబ్బు స్థితి. పత్తి మిల్లుల్లో దుమ్ము పీల్చీ పీల్చీ వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు బిస్సినోసిస్. బిస్సస్ అంటే పాత గ్రీకులో సన్నటి నార బట్ట. దీనికొక గుర్తు ఉంది. వారం సెలవు తర్వాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులో చేస్తూ ఇలా అంటుంటే, డాక్టర్‌కి దగ్గుతో పాటు పని గురించి కూడా చెప్పమనండి. చెప్పకపోతే మామూలు ఆస్తమా అనుకునే అవకాశం ఉంది.

ఇదే తోకతో ఇంకోటి, ఫ్లోరోసిస్. ఇది మన దగ్గర పాత కథ. 1937లో మన దేశంలో ఈ జబ్బు గురించి వైద్య పత్రికలో రాసినప్పుడు, ఆ రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఏళ్ళ తరబడి అవే తాగితే పళ్ళ మీద మరకలు, ఎముకలు బిగుసుకుపోవడం. కొందరు పిల్లలకి మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. దాన్ని జెను వాల్గమ్ అని రాస్తారు. జెను అంటే ఏంటో తెలుసా? మన "జాను", మోకాలు. చేతులు మోకాళ్ళ దాకా ఉన్నవాడిని ఆజానుబాహుడు అంటాం. పురాణంలో రాముడికి వాడే మాట, కాళ్ళు వంకర పోయిన పిల్లాడి ఓపీ చీటీ మీద కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు మనసు అదోలా అయిపోయింది.

మూడోది, అందరికన్నా జాగ్రత్తగా వినాల్సింది. ఆపరేషన్ తోకలు. "ఆటమీ" అంటే కోయడం. "ఆస్టమీ" అంటే కోసి దారి పెట్టడం. "ఎక్టమీ" అంటే కోసి తీసేయడం. పెద్దపేగుకి కొలాస్టమీ అంటే పొట్ట మీద దారి పెడతారు. కోలెక్టమీ అంటే పేగునో, అందులో కొంత భాగాన్నో తీసేస్తారు. వినడానికి దగ్గర దగ్గరగా ఉంటాయి, కానీ జరిగేది వేరు.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువ కనపడింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. పత్తి తీతకీ, మిరప కోతకీ వెళ్ళే పిన్నులు, అత్తలు, నలభై కూడా నిండకుండానే "తీయించేసుకున్నా" అనడం మనం వింటూనే ఉన్నాం. సంతకం పెట్టమన్న కాగితంలో హిస్టెరెక్టమీ అని ఉంటే గర్భసంచి తీసేయడం. దాని పక్కన ఊఫరెక్టమీ అని కూడా ఉంటే అండాశయం తీసేయడం. రెండు వైపులా తీసేస్తే నెలసరి ఆగే వయసు ఒక్కసారిగా ముందుకొచ్చేస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. కొన్నిసార్లు ఈ ఆపరేషన్ నిజంగా అవసరమే. కానీ ఆ రెండో పదం కనపడితే "ఇది ఎందుకు, వేరే దారి లేదా?" అని అడిగే హక్కు మనకుంది. అడగాలంటే ముందు ఆ పదం చదవగలగాలి కదా.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ముక్కలు తెలిసినంత మాత్రాన డాక్టర్లం అయిపోం. "ఓమా" అంటే గడ్డ అని చదివి, హీమటోమా చూసి క్యాన్సర్ అని ఏడవకండి. దెబ్బ తగిలి లోపల రక్తం చేరినా హీమటోమానే. గ్లాకోమాలో అయితే అసలు గడ్డే ఉండదు, అది కంటి జబ్బు. కొన్ని పేర్లు ఏకంగా అబద్ధం చెబుతాయి. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. ఆ జబ్బు గాలి వల్ల కాదు, దోమ వల్ల అని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపు కోసి ఆధారం చూపించాడు. పేరు మాత్రం మారలేదు. కాబట్టి పదం విప్పుకునేది డాక్టర్‌ని సరైన ప్రశ్న అడగడానికి. మందు మార్చడానికో, అన్నం తగ్గించడానికో కాదు. ఆ రాత్రి నేను చేసిన అసలు తప్పు కూడా అదే.

ఈసారికి ఒక చిన్న పని. ఇంట్లో బీరువాలోనో, మంచం కిందో ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు ఉంటాయి. అందులోంచి ఒక్కటి తీయండి. ఒక్క పదం పట్టుకుని చివర నుంచి విప్పండి. అర్థమైంది అమ్మకో, నాయనమ్మకో తెలుగులో చెప్పండి. అర్థం కాకపోతే మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అడగడానికి రాసిపెట్టుకోండి.

మా తాతయ్య ఇప్పుడు బాగానే ఉన్నారు. జేబులో రెండు గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకుని తిరుగుతారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "ఏరా, ఉపనా ఉపరినా?" అని ఏడిపిస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.