తెర వెనక ఒకటే చిట్టా!

కంప్యూటర్లో బస్సు టికెట్లు తీస్తున్నారు. ముగ్గురికి మరొకరు తోడయ్యారు. ప్లస్ గుర్తు నొక్కగానే పైన అంకె 4 అయింది. కింద ఛార్జీ మాత్రం ముగ్గురిదే! ఏది నమ్మాలి? ఎంత కట్టాలి?

తప్పు మీది కాదు. ఒకే లెక్కను ప్రోగ్రామరు రెండుచోట్ల రాసుకుని, ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోయాడన్నమాట. బటన్లుండే ప్రోగ్రాములకు ఇది పాత జబ్బే. ప్రతి బటనూ లెక్కల్లో వేలు పెడుతుంటే ఎవరు ఎప్పుడేం మార్చారో కనిపెట్టడం తలకు మించిన పని.

దీనికి మందు 'ఫంక్షనల్' భాషల్లో దొరికింది. విచిత్రమేంటంటే... వీటిలో సాధారణంగా ఒకసారి రాసిన విలువను మార్చరు. మరి క్షణక్షణం మారే తెరను నడపడమెలా? 1997లో కానల్ ఎలియట్, పాల్ హుడాక్‌లు హాస్కెల్ భాషలో 'ఫ్రాన్'తో కదిలే బొమ్మలకు ఓ దారి చూపారు. 2012లో హార్వర్డ్ విద్యార్థి ఎవాన్ చాప్లికీ 'ఎల్మ్' అనే భాషనే తయారుచేశాడు. అందులో ప్రోగ్రాములు రాసినవాళ్లు ఎవరికివారే ఒకే పద్ధతికి చేరుకున్నారు. అదే 'ఎల్మ్ ఆర్కిటెక్చర్'.

చిట్టా... గుమాస్తా... బోర్డు

కిరాణా కొట్టును ఊహించుకోండి. చిట్టా ఒకటే. దాని పేరు మోడల్. ప్రయాణికులు ముగ్గురు, తలకు ఛార్జీ ఇంత అన్నంతవరకే అందులో ఉంటుంది. మొత్తం ఎంతన్నది ఎక్కడా రాసిపెట్టరు.

బటన్ ఆ చిట్టాను ముట్టుకోదు. 'ఒకరిని పెంచు' అని చీటీ పంపుతుందంతే. గుమాస్తా పేరు అప్‌డేట్. పాత చిట్టానూ చీటీనీ చూసి కొత్త చిట్టా రాసిస్తాడు. పాతదాన్ని కొట్టివేయడు! ఇక బోర్డు రాసేవాడు వ్యూ. చిట్టా చూసి నలుగురనీ, ఛార్జీ ఇంతనీ అప్పటికప్పుడు లెక్కగట్టి చూపిస్తాడు. రెండూ ఒకే చిట్టాలోంచి వచ్చినవి కాబట్టి ఒకటి మారి మరొకటి మిగిలిపోదు.

సీట్లున్నాయో లేదో ఇంటర్నెట్లో కనుక్కోవాలంటే? గుమాస్తా గడప దాటడు. భాషతోపాటే వచ్చే యంత్రాంగానికి పని పురమాయిస్తాడు. జవాబు మరో చీటీగా తిరిగొస్తుంది.

చిన్న ప్రోగ్రాముకు ఇంత తతంగమా అనిపిస్తుంది. కానీ లాభం పెద్దది. తెర లేకుండానే గుమాస్తాకు పరీక్ష పెట్టొచ్చు: 3 ఉన్న చిట్టా, పెంచమన్న చీటీ ఇస్తే 4 రావాలి. చిట్టాలు వరసగా దాచుకుంటే వెనక్కి తిప్పుకుంటూ తప్పెక్కడ దొర్లిందో పట్టేయొచ్చు.

2015లో డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్‌లు ఎల్మ్ స్ఫూర్తితో జావాస్క్రిప్ట్‌కు 'రీడక్స్' తెచ్చారు. దాంతో ఫంక్షనల్ భాష రానివాళ్లకూ ఈ పద్ధతి అలవాటైంది.

లెక్క తప్పకూడదంటే చిట్టా ఒక్కటే ఉండాలని కొట్టు పెద్దాయనకు ఎప్పుడో తెలుసు. ప్రోగ్రామర్లకు తెలియడానికే ఇన్నాళ్లు పట్టింది!