పది రోజులు రక్తం తయారవకపోతే?

ఆరోగ్యవంతుల ఒంట్లో ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో దాని ఆయుష్షు 10 నుంచి 20 రోజులే. బడి పిల్లల్లో చాలామందికి సోకే ఓ మామూలు వైరస్ సికిల్ సెల్ పిల్లలకు మాత్రం ప్రాణాల మీదికి తేవడానికి కారణం ఈ తేడాయే.

ఆ వైరస్ పార్వోవైరస్ బీ19. 1975లో లండన్‌లో దీన్ని గుర్తించారు. దగ్గు, తుమ్ముల తుంపర్లతో అంటుకుంటుంది. చాలామందికి కొద్దిపాటి జ్వరం, బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి. సికిల్ సెల్ పిల్లల్లో హఠాత్తుగా రక్తం పడిపోవడానికి ఇదే కారణమని 1981లో లండన్, జమైకా పరిశోధనల్లో తేలింది.

లెక్క ఇదీ

ఎముక మజ్జలో ఎర్ర కణాలుగా ఎదగాల్సిన వాటినే ఈ వైరస్ చంపేస్తుంది. 7 నుంచి 10 రోజుల పాటు కొత్త కణాలు పుట్టవు. ఆరోగ్యవంతులకు ఆ పది రోజుల్లో తగ్గేది వందకు 8 కణాలు. హిమోగ్లోబిన్ ఒక గ్రాము అటూ ఇటూ తగ్గుతుంది, అంతే. కణం 15 రోజులే బతికే బిడ్డలో మాత్రం అదే లెక్కన వందకు 66 పోతాయి. మామూలు రోజుల్లోనే 7, 8 గ్రాములుండే హిమోగ్లోబిన్ కొద్ది రోజుల్లో 3, 4కు దిగజారవచ్చు. గుండె తట్టుకోలేదు.

ఎలా పసిగట్టాలి?

జ్వరంతో పాటు బిడ్డ ఒక్కసారిగా పాలిపోవడం, నీరసించడం, ఆయాసపడటం ప్రమాద సూచనలు. హిమోగ్లోబిన్‌తో పాటు రెటిక్యులోసైట్ కౌంట్ కూడా చేయించాలి. కొత్తగా పుట్టిన ఎర్ర కణాల లెక్క అది. సికిల్ సెల్ పిల్లల్లో మామూలుగా ఎక్కువగా ఉండే ఈ సంఖ్య ఒక శాతం లోపునకు పడిపోతే మజ్జ పని ఆగిందన్నమాట. వేళకు రక్తం ఎక్కిస్తే బిడ్డ గట్టెక్కుతుంది, మజ్జ మళ్లీ కోలుకుంటుంది. ఒకసారి సోకితే సాధారణంగా జీవితాంతం రక్షణ ఉంటుంది. దీనికి టీకా లేదు. ఇంట్లో సికిల్ సెల్ ఉన్న తోబుట్టువులుంటే వారికీ పరీక్ష చేయించాలి. వైరస్ సోకిన బిడ్డకు గర్భిణులు దూరంగా ఉండాలి.

ముందే తెలుసుకుంటే

తల్లిదండ్రులిద్దరూ సికిల్ సెల్ వాహకులైతే, అంటే వ్యాధి లేకున్నా దాని జన్యువు ఉన్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వాహకుల ఎర్ర కణాలు దాదాపు మామూలుగానే బతుకుతాయి కాబట్టి వారికి ఈ ముప్పు ఉండదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాలు అందులో ఉన్నాయి. మన గిరిజన ప్రాంతాల్లో ప్రతి కుటుంబం ఈ పరీక్ష చేయించుకోవాలి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.