తాతయ్య స్నానం చేసొచ్చి ఎందుకు పడుకుంటారు?

ప్రశ్న: మా తాతయ్యకు పక్షవాతం వచ్చి ఏడాదైంది. ఇప్పుడు చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నాయి. అయినా స్నానం చేసి రాగానే మంచమెక్కేస్తారు. బద్ధకమా?

బద్ధకం కాదు నాన్నా. ఈ అనుమానం పెద్దవాళ్లకూ వస్తుంది, కాకపోతే పైకి అడగరు.

ముందొక పని చెయ్యి. నీది కుడిచేతివాటమైతే, ఎడమచేత్తో ఒక పేజీ రాసి చూడు. పేజీ నిండేసరికి చేతికంటే తలే ఎక్కువ అలిసిపోతుంది. కుడిచేత్తో రాసేటప్పుడు అక్షరాన్ని ఎటు తిప్పాలో ఆలోచించవు. ఎడమచేత్తో అయితే ప్రతి తలకట్టుకీ, ప్రతి కొమ్ముకీ మనసు పెట్టాలి.

తాతయ్య పరిస్థితి ఇంచుమించు అదే. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా అక్కడి కణాలు కొన్ని చనిపోతాయి. అవి తిరిగి రావు. వాటి పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. అందుకే చెయ్యి మళ్లీ ఆడింది. కానీ పనికి కొత్తవాళ్లు కదా, వాటికి శ్రమ ఎక్కువ. మగ్గు ఎత్తడం, తడినేల మీద జారకుండా నిలబడడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం... మనం పాట పాడుకుంటూ చేసే ఈ పనులన్నీ ఆయనకు ఎడమచేతి రాతే.

చప్పుడు కూడా అలసటే. టీవీ మోగుతుంటే, వంటింట్లో కుక్కర్ కూస్తుంటే, వాటిని పక్కకు నెట్టి నీ మాట ఒక్కటే వినడం కూడా మెదడు చేసే పనే. చుట్టాలు వచ్చిన రోజు ఆయన హుషారుగా కబుర్లు చెప్పి, మర్నాడంతా పడుకునేది ఇందుకే. “నిన్న బాగానే ఉన్నారుగా!” అని మనం అంటే ఆయనకు ఎంత కష్టంగా ఉంటుందో.

మామూలు అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. ఇది పోదు. పక్షవాతం స్వల్పంగా వచ్చినవాళ్లకూ నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండొచ్చు. అలాగని అన్నిటినీ దాని ఖాతాలోనే వెయ్యకూడదు. రక్తహీనత, థైరాయిడ్, దిగులు, గురకతో నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, వాడే మందుల్లో కొన్ని కూడా నీరసం తెస్తాయి. వీటికి దారులున్నాయి కాబట్టి డాక్టరుకు చెప్పాలి. మాత్రలు మాత్రం సొంతంగా మానకూడదు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా అలసట అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే ఆగాలి. స్నానం స్టూలు మీద కూర్చుని చేస్తే, గడ్డం గీసుకోవడం సాయంత్రానికి పెట్టుకుంటే, పొద్దుటి ఓపిక కొంత మిగులుతుంది. బాగున్న రోజున పనులన్నీ ఒక్కసారే చేసేస్తే తర్వాత రెండు రోజులు పడక తప్పదు. అలాగని పూర్తిగా మంచానికే అతుక్కుంటే కండలు కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. వీధి చివరిదాకా నడక, వారం పోయాక ఇంకో నాలుగిళ్లు. అలా పెంచుకుంటూ పోవాలి.

సాయంత్రం ఆయన లేచాక టీవీ కట్టేసి, నీ ఎడమచేతి రాత చూపించు. ఆయనకు నవ్వొస్తుంది.