మూసీకి ఆ ఒడ్డున ఒకరు... ఈ ఒడ్డున ఒకరు!

గంట కొట్టే వేళైతే చాలు... సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గడియారం ముందు చేరతారు. బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట మోగించడం చూసి మురిసిపోతారు. అక్కణ్నుంచి మేలిముసుగు రెబెక్కా దగ్గరికి కదులుతారు. ఆ పాలరాతి బొమ్మను 1876లో కొన్న పెద్దమనిషి ఎవరని అడిగేవాళ్లు మాత్రం తక్కువే.

మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్. రెబెక్కాను కొన్నది ఆయన తాత మీర్ తురాబ్ అలీఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్. నిజాం సంస్థానానికి ముప్ఫై ఏళ్లు ప్రధానమంత్రి.

1853లో దివాన్ గిరీ చేపట్టేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. ఖజానా ఖాళీ. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉంది. సైన్యం ఖర్చుల బాకీ కింద బంగారం పండే బీరారును ఇంగ్లిషువాళ్లు అప్పుడే తీసేసుకున్నారు. ఆ స్థితిలో ఆయన గుత్తలు తీసేసి జీతాలిచ్చే అధికారులను పెట్టారు. 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పరిచారు. దారుల్ ఉలూమ్ బడి తెరిచారు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి రైలు కూత పెట్టింది కూడా ఆయన హయాంలోనే.

ఇదంతా నాణేనికి ఒకవైపు. రెండోవైపు 1857 ఉంది.

ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. దివాన్ ముందే రెసిడెంటుకు కబురంపారు. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. చెర నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో బహిరంగంగా వేలాడదీశారు. అదే ఏడాది దివాన్ మీదా హత్యాయత్నం జరిగింది.

సంస్థానాన్ని కాపాడిన దూరదృష్టి అంటారు కొందరు. పరాయివాళ్లకు కాసిన కాపలా అంటారు మరికొందరు. మరి ఆ విధేయతకు దక్కిందేమిటి? 1860లో రాయచూరు దోఆబ్, నల్‌దుర్గ్ తిరిగొచ్చాయి, 50 లక్షల అప్పు రద్దయింది. బీరారు మాత్రం రాలేదు. దానికోసం 1876లో ఆయన లండన్ దాకా వెళ్లారు. దారిలో పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది. లండన్‌లో విందులిచ్చారు, ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది... బీరారు తప్ప అన్నీ దక్కాయి! 1902లో అది శాశ్వత కౌలు పేరుతో ఇంగ్లిషువాళ్ల దగ్గరే ఉండిపోయింది.

పాలన నడపడానికి ఉత్తరాది నుంచి ఆయన రప్పించిన అధికారులు సమర్థులే. కానీ స్థానికుల్లో 'మా కొలువులు మాకేవీ?' అన్న ప్రశ్నకు అక్కడే బీజం పడింది. 1952 ముల్కీ ఉద్యమంలో వీధికెక్కిందీ ఆ ప్రశ్నే.

1883 ఫిబ్రవరి 8న కలరా ఆయన్ను బలిగొంది. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. ఆయన ఏలుబడి నడిచిన దివాన్ దేవిడీలో ఇప్పుడు బట్టల బేరాలు సాగుతున్నాయి. మూసీ దాటితే కోఠీలో తుర్రేబాజ్ స్మారకం.

జిల్లా, ఖజానా, రైలు అంటే దివాన్ గుర్తుకు రావాలి. ఆ పనులకు చెల్లించిన మూల్యం తెలియాలంటే మాత్రం నది దాటి కోఠీ దాకా వెళ్లాల్సిందే!