ఉదరములోని అరుదైన రాచపుండు – దానిని చూపు చిత్రములు

ఉదరము మూసిన పెట్టె వంటిది. కడుపుబ్బరమును అజీర్ణమని తలచి మనము వాము నమిలి ఊరకుందుము. తరచుగా అది అజీర్ణమే. వారముల తరబడి తగ్గనిచో మాత్రము ఉపేక్షింపరాదు.

1895లో రాంట్‌జెన్ పండితుడు కనుగొనిన ఎక్స్-కిరణములు ఎముకలను చూపినంత స్పష్టముగా మెత్తని అవయవములను చూపజాలవు. హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రము 1971లో తొలి రోగి మెదడును చిత్రించెను; నేడది ఉదరమునుగూడ పలుచని పొరలుగా చూపుచున్నది.

సూడోమిక్సోమా అను అరుదైన వ్యాధి తరచుగా అపెండిక్సులో పుట్టి, ఉదరమును జిగురుతో నింపును. మామూలు నీరు కాలేయము చుట్టు ఊరక నిలుచును. ఈ జిగురు దాని అంచును నొక్కి సొట్టలు పరచును. సి.టి. చిత్రమున ఆ సొట్టలే వైద్యునకు ఆనవాలు. అయినను చిత్రము అనుమానమునే కలిగించును. చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని వ్యాధి నిర్ధారణము కాదు.

యలహంకలోని మనకు దూరదేశములు పోనక్కరలేదు. బెంగళూరుననే 1973లో స్థాపితమైన కిద్వాయి స్మారక కాన్సరు సంస్థ కలదు. అయితే, భాష రాదని ఆసుపత్రికి పోవ వెనుకాడు తెలుగు పెద్దలు మన ఇండ్లలో కలరు. విద్యార్థులారా! బడిలో నేర్చిన కన్నడముతో వారికి తోడుగా పొండు. వారి బాధను వైద్యునకు విప్పి చెప్పుడు. యంత్రము చూచుటకు ముందు మాట చెప్పవలసినది మనమే.